స్టీరింగ్ పట్టడు, పనికి వెళ్లడు: మావాడు సోమరి అయిపోయాడా?

పేరు రాయొద్దని కోరుతూ ఒక తల్లి పంపిన ఉత్తరం ఇది. చాలా పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాం.

ఆమె కొడుక్కి ఈమధ్యే 18 ఏళ్లు నిండాయి. చదువులో మరీ ముందూ కాదు, మరీ వెనకా కాదు. చెడు అలవాట్లు లేవు, పెద్దవాళ్లకి ఎదురు మాట్లాడడు. ఆటంటే ఇష్టం, ప్రాక్టీసు ఉన్న రోజు తనంతట తనే తెల్లవారుజామున లేస్తాడు. కానీ డ్రైవింగ్ నేర్చుకోమంటే మాత్రం "తర్వాత చూద్దాంలే అమ్మా" అంటాడు. తీసుకున్న లెర్నర్ లైసెన్స్ గడువు దాటిపోయింది. కిందటేడు సెలవుల్లో ఒకచోట పనికి చేరి వారం తిరక్కుండానే మానేశాడు. ఈ ఏడాది ఆన్‌లైన్‌లో కొన్నిచోట్ల అప్లై చేశాడు, ఎవరూ జవాబివ్వలేదు, ఇక ఆ ఊసే ఎత్తడం లేదు. ట్యూషన్‌కైనా, ఆటకైనా, స్నేహితుడి ఇంటికైనా తల్లే దింపాలి, మళ్లీ తల్లే తీసుకురావాలి. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి మళ్లీ కారు తీస్తుంటే "నేను వీడికి అమ్మనా, డ్రైవర్‌నా" అనిపిస్తోందని రాశారు. "లైసెన్స్ వస్తే చెల్లిని దింపే డ్యూటీ నాదే అవుతుంది కదా" అని కొడుకు ఒకసారి నవ్వుతూ అన్నాడట.

ఆమె భర్త 16 ఏళ్లకే బండి నడిపారు. చదువుకుంటూనే పని చేసి ఇంటికి డబ్బులిచ్చారు. ఆ మాట కొడుక్కి దాదాపు రోజూ గుర్తు చేస్తుంటారు. ఇప్పుడు ఒక గడువు పెట్టారు. మూడు నెలల్లో లైసెన్స్ తెచ్చుకోవాలి, ఏదో ఒక ఉద్యోగంలో చేరాలి, లేకపోతే ఫోన్ బిల్లు కట్టరు. కొడుకు ఏమీ అనకుండా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. 15 ఏళ్ల కూతురు మాత్రం "నాకెప్పుడు నేర్పిస్తారు" అని వెంటపడుతోంది. "మా పెంపకంలో ఎక్కడ తేడా వచ్చింది? వాడు సోమరి అయిపోయాడా? ఆయన పెట్టిన గడువుకి నేను వత్తాసు పలకాలా, అడ్డుపడాలా?" అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం

ముందు పెంపకం సంగతి చూద్దాం. ఆ అపరాధభావం పోకపోతే మీరు ఏ నిర్ణయమూ స్థిమితంగా తీసుకోలేరు. మీ ఒక్క ఇంట్లోనే ఇలా జరుగుతుంటే మీ పెంపకాన్ని అనుమానించవచ్చు. అమెరికాలో 1983లో పదహారేళ్ల వాళ్లలో 46 శాతం మందికి లైసెన్స్ ఉండేది. 2014 నాటికి అది దాదాపు 25 శాతానికి పడిపోయిందని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్క తీశారు. బ్రిటన్‌లో 17 నుంచి 20 ఏళ్ల వాళ్లని చూస్తే, 1990ల మొదట్లో 48 శాతం మందికి లైసెన్స్ ఉంటే 2014లో 29 శాతం మందికే ఉంది. ఉద్యోగాల సంగతీ అంతే. అమెరికాలో 16 నుంచి 19 ఏళ్ల లోపు పిల్లల్లో పని చేస్తున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 1979లో 58 శాతం దాకా ఉండేవారు. 2010 తర్వాత కొన్నేళ్లపాటు అది 34, 35 శాతం దగ్గరే ఉండిపోయింది, ఈమధ్య కాస్త పెరిగింది. ఇన్ని లక్షల ఇళ్లలో తల్లిదండ్రులంతా కూడబలుక్కుని పిల్లల్ని చెడగొట్టారంటే నేను నమ్మను.

ఇంకో సంగతి. 1976 నుంచి 2016 దాకా అమెరికా టీనేజర్లని అడిగిన సర్వేలన్నీ కలిపి చూసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. తగ్గినవి పని, డ్రైవింగ్ మాత్రమే కాదని అందులో తేలింది. మద్యం తాగడం, ప్రేమ వ్యవహారాలు, పెద్దవాళ్లు లేకుండా బయట తిరగడం, ఇవన్నీ ఆ వయసు పిల్లల్లో తగ్గాయి. అంటే పెద్దవాళ్లు చేసే పనుల్లోకి, మంచివైనా చెడ్డవైనా, పిల్లలు ఇదివరకటికంటే ఆలస్యంగా వస్తున్నారు. మీరు సంతోషంగా రాసిన "చెడు అలవాట్లు లేవు" అన్న మాటకీ, బాధగా రాసిన "లైసెన్స్ లేదు" అన్న మాటకీ కారణం చాలావరకు ఒకటే కావచ్చు. మొదటిది మన పెంపకం గొప్పదనం, రెండోది వాడి బద్ధకం అనుకోవడం మనకి సౌకర్యంగా ఉంటుంది, అంతే.

మీవారు దీనంతటికీ ఫోనే కారణమంటున్నారని రాశారు. ఫోన్ పాత్ర లేదనను. ఒకప్పుడు స్నేహితులతో కబుర్లు చెప్పాలంటే వాళ్లున్న చోటికి వెళ్లాలి, వెళ్లాలంటే బండి కావాలి. ఇప్పుడు మంచం మీద నుంచి లేవకుండానే పదిమందితో మాట్లాడవచ్చు. కానీ స్మార్ట్‌ఫోన్లు 2007 తర్వాత గానీ జనం చేతుల్లోకి రాలేదు, లైసెన్సులూ వేసవి ఉద్యోగాలూ తగ్గడం అంతకుముందే మొదలైంది. చాలా దేశాల్లో నిబంధనలు మారాయి. న్యూజిలాండ్ 1987లో, అమెరికాలో ఫ్లోరిడా 1996లో దశలవారీ లైసెన్స్ తెచ్చాయి, తర్వాత మిగతా రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. కొత్తగా నేర్చుకున్న పిల్లలు రాత్రిపూట ఒంటరిగా నడపకూడదు, స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు, ముందు ఇన్నాళ్లు పెద్దవాళ్లు పక్కనుండాలి, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. దానివల్ల ప్రాణాలు దక్కాయి, నాకు ఆ పద్ధతి మీద ఫిర్యాదు లేదు. కానీ 16 ఏళ్ల పిల్లవాడికి లైసెన్స్ అనగానే కళ్లముందు మెదిలేది స్నేహితులతో రాత్రి షికారే కదా. అది కుదరదని చట్టమే చెప్పాక తొందర ఎందుకుంటుంది? దీనికి తోడు అలాంటి చోట్ల ఆ వయసు వాళ్లకి ఇన్సూరెన్స్ ఖర్చు పెద్దవాళ్లకంటే బాగా ఎక్కువ.

పని విషయంలోనూ పరిస్థితి మారింది. సెలవులు సెలవుల్లా లేవు. అమెరికాలో 1985 జులైలో పదిమంది టీనేజర్లలో ఒకరే ఏదో ఒక చదువులో చేరి ఉంటే, 2016 జులైలో పదిమందిలో నలుగురు అలా ఉన్నారు. పిల్లలు చేసే చిన్న ఉద్యోగాలకి ఇప్పుడు పెద్దవాళ్లూ పోటీ పడుతున్నారు. వెళ్లి యజమానిని కలిసి "పనుందా అండీ" అని అడిగే పద్ధతి పోయి ఆన్‌లైన్ ఫారం వచ్చింది. "రావొద్దు" అని ముఖం మీద చెప్పినా బాధ కాసేపే ఉంటుంది. అసలు జవాబే రాకపోతే 18 ఏళ్ల పిల్లవాడు "నేను పనికిరాను" అనే అనుకుంటాడు. మీవారి రోజుల్లో ఈ బాధ లేదు.

అయితే ఇవన్నీ లోకం సంగతులు. మీ ఇంట్లో ఏం జరుగుతోందో చూద్దాం.

మిషిగన్ పరిశోధకులే 2013లో లైసెన్స్ లేని 18 నుంచి 39 ఏళ్ల వాళ్లని "ఎందుకు తీసుకోలేదు" అని అడిగారు. తీరిక లేదన్నది మొదటి కారణం, బండి ఖర్చు భరించలేమన్నది రెండోది. మూడోది 31 శాతం మంది చెప్పారు: ఎలాగూ ఎవరో ఒకరు తీసుకెళ్తారు. మీ ఇంట్లో ఆ "ఎవరో ఒకరు" ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ఇది మీ మీద నింద కాదు. ఉత్సాహం అవసరంలోంచి పుడుతుంది, అదీ నేను చెప్పదలచింది. మీవారు 16 ఏళ్లకే స్టీరింగ్ పట్టారంటే, పట్టకపోతే ఆయన కోరుకున్న చోటికి తీసుకెళ్లేవాళ్లు లేరు. పని చేశారంటే, చేయకపోతే చేతిలో రూపాయి ఆడేది కాదు. మీ అబ్బాయికి లైసెన్స్ లేకపోయినా ఆటకి వెళ్లడం ఆగదు, పని లేకపోయినా ఫోన్ ఆగదు. లైసెన్స్ వస్తే వాడికి కొత్తగా దొరికేది ఏమిటో వాడే చెప్పాడు కదా, చెల్లిని దింపే డ్యూటీ. మీరు దాన్ని జోకు అనుకున్నారు. అందులో లెక్క ఉంది. ఈ లెక్క మారనంతకాలం "నీకు పట్టుదల లేదు" అని రోజూ అన్నా ప్రయోజనం ఉండదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆపిన వాక్యం దగ్గరికి వస్తాను. దాన్ని మీరు మూడో పేజీలో ఎక్కడో, ఇంకేదో చెబుతూ రాసి వదిలేశారు. వాళ్ల నాన్న నేర్పిస్తున్నప్పుడు ఒకసారి నాలుగురోడ్ల కూడలిలో బండి ఆగిపోయింది. వెనక నుంచి హారన్లు. ఆయన గట్టిగా అరిచి స్టీరింగ్ పట్టుకుని లాగారు. ఇంటికి వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. "అప్పటినుంచి వాడు కాస్త వెనకాడుతున్నాడు" అన్నారు.

అమ్మా, మీ అబ్బాయిది బద్ధకం కాదు, భయం. బద్ధకస్తుడు తెల్లవారుజామున లేచి ఆటకి వెళ్లడు. 18 ఏళ్ల మగపిల్లవాడు "నాకు భయంగా ఉంది" అని చెప్పలేడు, అందులోనూ పదహారుకే బండి నడిపిన తండ్రి ముందు అసలు చెప్పలేడు. "తర్వాత చూద్దాంలే" అనడం తేలిక. సోమరి అని పిలిపించుకోవడం వాడికి పిరికివాడు అనిపించుకోవడం కంటే నయంగా ఉంది, అందుకే మీరు ఎంత అన్నా మారు మాట్లాడడు. పైగా ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 5 నుంచి 29 ఏళ్ల లోపు వాళ్ల మరణాలకి ప్రపంచంలో మొదటి కారణం రోడ్డు ప్రమాదాలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ తరం పిల్లలు ఆ ప్రమాదాల వీడియోలు చూస్తూ పెరిగారు. మనం చూడలేదు కాబట్టి ధైర్యంగా నడిపామేమో, నాకు ఆ అనుమానం కూడా ఉంది.

అలాగే, పనిలో చేరి వారంలో మానేశాడన్నారు గానీ ఎందుకు మానేశాడో రాయలేదు. అడిగారా? అడిగితే, "ఎందుకు మానేశావు" అని నిలదీశారా, "అక్కడేం జరిగింది" అని అడిగారా? రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టి మర్నాడు పొద్దున్నే రమ్మనే చోట్లుంటాయి. అందరి ముందూ తిట్టే సూపర్‌వైజర్లుంటారు. నిజంగానే కష్టం అనిపించి వచ్చేసి ఉండొచ్చు కూడా. కారణాన్ని బట్టి మీరు చేయాల్సింది మారుతుంది. ఇంకొకటి, ఎవరెవరికో వీడియోలు ఎడిట్ చేసి పెడితే అప్పుడప్పుడూ డబ్బులు వస్తాయని, "అదేం పని" అని వాళ్ల నాన్న కొట్టిపారేస్తారని రాశారు. చెప్పిన రోజుకి చెప్పినట్టు చేసి ఇచ్చి డబ్బు తీసుకుంటున్నాడంటే పని చేస్తున్నట్టే. ఆ పని ఫోన్ మీదే నడుస్తోంది. ఫోన్ బిల్లు ఆపేస్తే వాడి చేతిలో ఉన్న ఒక్క సంపాదనా పోతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మీవారి గడువుని అలాగే ఉంచవచ్చు. రోషం వచ్చి పిల్లవాడు మూడు నెలల్లో లైసెన్స్ తెచ్చుకోవచ్చు కూడా. కొందరికి అలా పనిచేస్తుంది, కాదనను. కానీ ఒంటరిగా నడిపే మొదటి కొన్ని నెలలే కొత్త డ్రైవర్లకి అన్నిటికంటే ప్రమాదకరమైనవి. భయం పోకుండా, గడువు కోసం పరీక్ష పాసైన పిల్లవాడు ఆ నెలల్లో రోడ్డు మీద ఉండటం మీకు ఇష్టమేనా? రెండో ప్రమాదం ఏమిటంటే, వాడు మొండికేయవచ్చు. అప్పుడు నిజంగానే బిల్లు ఆపాలి. ఆపకపోతే ఇకమీదట ఆ ఇంట్లో ఏ గడువుకీ విలువుండదు. ఆపితే తండ్రీకొడుకుల మధ్య ఎప్పుడో మొదలైన మౌనం ఇంకా ముదురుతుంది.

పూర్తిగా వదిలేయవచ్చు. ఇది మీకు తప్పుగా అనిపించవచ్చు గానీ, చాలామంది పిల్లలు 20, 22 ఏళ్లకి తమకి అవసరం పడినప్పుడు రెండు నెలల్లో నేర్చేసుకుంటారు. మంచి బస్సులు, రైళ్లు ఉన్న చోట ఉంటే అసలు నేర్చుకోకపోయినా బతుకు ఆగదు. మీరుండే చోట ఆ సౌకర్యం ఉందో లేదో రాయలేదు, అది ఆలోచించండి. మీకు కావలసింది వాడి చేతిలో కార్డు కాదు, మీ మీద ఆధారపడకుండా వాడు తన పనులు తను చూసుకోవడం. అది బస్సులో జరిగినా ఫరవాలేదు. ఈ దారిలో చిక్కల్లా ఒకటే. మీరు దింపడం మానకుండా "వదిలేశాను" అంటే ఏమీ మారదు, మీ అలసట పెరుగుతుంది, ఏదో ఒక రోజు ఆ కోపం చిన్న విషయానికి బయటపడుతుంది.

నేనైతే మూడో దారి వైపు మొగ్గుతాను. ముందు మీరు దింపే పనిని తగ్గించుకోండి. కోపంలో ఉన్నప్పుడు కాదు, మామూలుగా కూర్చుని చెప్పండి: "నేను అలిసిపోతున్నాను. వచ్చే నెల నుంచి ట్యూషన్‌కి దింపుతాను, స్నేహితుల దగ్గరికి, ఆటకి నువ్వే చూసుకోవాలి." ఇది శిక్ష కాదు, మీ పరిస్థితి. అలాగే చెప్పండి. వాడు సైకిల్ తీయవచ్చు, బస్సు పట్టుకోవచ్చు, ఇంకో కుర్రాడి కారులో వెళ్లవచ్చు. అందులో ఏది చేసినా మంచిదే, "అయితే డ్రైవింగ్ నేర్చుకోవచ్చుగా" అని మధ్యలో అందుకోకండి. కొన్నిసార్లు ఆటకి వెళ్లకుండా ఇంట్లో కూర్చోవచ్చు కూడా. అది చూసి మీ మనసు కరిగి తాళాలు తీస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఒకటి మాత్రం మినహాయింపు పెట్టండి: రాత్రిపూట ఎక్కడైనా ఇరుక్కుంటే, తాగి ఉన్నవాడి బండి ఎక్కాల్సి వస్తే, ఎప్పుడు ఫోన్ చేసినా ప్రశ్నలు అడక్కుండా వెళ్లి తీసుకురండి.

డ్రైవింగ్ నేర్పే పని మీవారి దగ్గర నుంచి తీసేయండి. డబ్బిచ్చి శిక్షకుడి దగ్గర చేర్పించండి. పక్క సీటు దగ్గర కూడా బ్రేక్ ఉండే శిక్షణ కారులో భయం సగం తగ్గుతుంది, అరవని మనిషి పక్కనుంటే మిగతాది మెల్లగా తగ్గుతుంది. గేర్లతో తంటా లేకుండా ఆటోమేటిక్ కారు మీద మొదలుపెట్టినా తప్పు లేదు. ఆ కూడలిలోనే కదా బండి ఆగింది, మొదట్లో ఖాళీ రోడ్ల మీదే తిప్పమని శిక్షకుడికి ముందే చెప్పండి. లైసెన్స్ వచ్చాక చెల్లిని దింపే పని కొన్నాళ్లు అప్పజెప్పకండి. మొదటి బండి ప్రయాణాలు వాడి సొంత పనులకే కానివ్వండి. ఇంట్లో పనులకి పంపడానికే నేర్పించారన్న అనుమానం వాడికి ఇప్పటికే ఉంది, దాన్ని నిజం చేయొద్దు.

పని విషయంలో ఇంత కంగారు అక్కర్లేదు. ఎడిటింగ్‌లో వచ్చే డబ్బుని గుర్తించండి. అందులోంచే ఏదో ఒక ఖర్చు, సొంత ఫోన్ బిల్లులో కొంతైనా, వాడే కట్టుకుంటాడని మాట్లాడుకోండి. గడువూ బెదిరింపూ లేకుండానే మీవారు కోరుకున్న దాంట్లో కొంత అలా జరుగుతుంది. బయట ఉద్యోగం కావాలంటే ఫారాలు నింపడం కంటే తెలిసినవాళ్లని నోరు తెరిచి అడగడం మేలు, మొదటిసారి మాత్రం ఎవర్ని అడగాలో మీరు చెప్పవచ్చు. చదువుకుంటూ వారానికి 20 గంటలు దాటి పని చేసే పిల్లల చదువు దెబ్బతింటుందని చాలా పరిశోధనల్లో తేలింది, కాబట్టి "ఏదో ఒక ఉద్యోగం" అనేసి గంటల సంగతి మర్చిపోకండి.

కూతుర్ని మాత్రం కొరడాలా వాడకండి. ఆ పిల్లకి ఆసక్తి ఉంటే వయసు రాగానే నేర్పించండి. "చూడు, చెల్లెలు నీకంటే నయం" అన్న మాట వింటే వాడు స్టీరింగ్ ముట్టుకోడు, పైగా అన్నాచెల్లెళ్ల మధ్య చెడుతుంది.

ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండండి. డ్రైవింగ్, ఉద్యోగం వద్దంటే కంగారుపడక్కర్లేదు. ఆట కూడా వద్దంటే, స్నేహితులతో మాట్లాడటం తగ్గిస్తే, నిద్రా తిండీ మారిపోతే, రోజులకి రోజులు గదిలోంచి రాకపోతే అది వేరే సంగతి. అప్పుడు ఈ సలహాలన్నీ పక్కనపెట్టి మానసిక వైద్యుణ్ణో కౌన్సెలర్‌నో కలవాలి. గడువు చెప్పిన రోజు తలుపేసుకున్నాడని రాశారు, ఆ తర్వాత సంగతి రాయలేదు. రెండు వారాలు గమనించండి.

చివరగా, గడువుకి వత్తాసా, అడ్డమా అని అడిగారు. రెండూ వద్దు. మీరు వత్తాసు పలికితే ఇంట్లో వాడి వైపు ఎవరూ లేరనుకుంటాడు. అడ్డుపడితే "అమ్మ వెనకేసుకొస్తోంది" అని మీవారు అంటారు, నిజానికి ఇప్పుడు కూడా అదే అంటున్నారు. ముందు మీరిద్దరూ పిల్లలు లేనప్పుడు మాట్లాడుకోండి. ఆ కూడలి రోజు గురించి అడగండి. ఆయన కూడా ఆ రోజు భయపడే అరిచి ఉంటారు, పక్కన కూర్చున్నవాడి చేతిలో బ్రేక్ లేదు మరి. ఆ ఒక్క మాట ఆయన కొడుకుతో చెప్పగలిగితే, "నాకూ ఆ రోజు భయం వేసిందిరా" అంటే చాలు, సారీ కూడా అక్కర్లేదు. గడువు ఎత్తేశామన్న సంగతి కూడా మీ నోటి వెంట రాకూడదు. పెట్టినవారే తీయాలి.